హైదరాబాద్‌ను రుచుల దారిలో చూడాలంటే

హైదరాబాద్‌లోని భిన్న సముదాయాలను భోజనం ద్వారా తెలుసుకోదలచినవారు రేటింగుల జాబితాలను పక్కనపెట్టి, ఒక్కో పూటకు ఒక్కో పేటను ఎంచుకోవడం మంచిది. ఉదయాన్నే బార్కస్‌కు వెళ్లండి. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు నేటికీ నివసిస్తున్న ఆ పేటలో, గోధుమలను మాంసంతో కలిపి మెత్తగా మెదిపిన హరీస్ తీపిగానూ, ఖారాగానూ దొరుకుతుంది. రెండూ రుచి చూడవలసినవే. అన్నం, మాంసాలతో చేసే అరబ్బు వంటకం మండీ తినదలిస్తే నలుగురు కలిసి వెళ్లడం మేలు, ఎందుకంటే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని పంచుకు తినడమే దాని పద్ధతి. సాయంత్రం చార్మినార్ దగ్గరి ఇరానీ హోటల్లో, విడిగా కాచిన డికాక్షన్‌కు చిక్కటి పాలు కలిపే తీరును కౌంటర్ దగ్గర నిలబడి గమనించి, ఉస్మానియా బిస్కెట్‌ను ఆ చాయ్‌లో ముంచుకుని తినండి. రద్దీ లేని వేళ వెళితే వంటవారిని అడిగి తెలుసుకునే వీలు కూడా ఉంటుంది.