ముగ్గురు నలుగురు కలిసి ఎస్కేప్ రూమ్‌కు వెళ్లేటప్పుడు

ఎస్కేప్ రూమ్ అంటే ఒక కథను గదిగా కట్టి, ఆ కథలోకి మనల్ని పాత్రలుగా పంపే ఆట. పాతకాలపు గ్రంథాలయం, జలాంతర్గామి, పరిశోధకుడు మాయమైపోయిన ప్రయోగశాల, ఇలా ఏదో ఒక థీమ్‌తో అలంకరించిన గదిలోకి జట్టు అడుగుపెట్టగానే గడియారం మొదలవుతుంది. సాధారణంగా 60 నిమిషాలలోగా అక్కడ దాచిన వస్తువులను వెతికి పట్టుకుని, పజిళ్లు విప్పి, ఒక్కొక్క తాళమే తెరుస్తూ కథను చివరికి చేర్చాలి. కంప్యూటర్ తెరపై గదిలోని వస్తువులను నొక్కుతూ బయటపడే ఆటలు అంతకుముందే ఉండేవి. వాటిని నిజమైన గదిలోకి తెచ్చిన తొలి ఆటగా 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాతో స్థాపించిన స్క్రాప్ సంస్థ నిర్వహించిన ఆటను చెబుతారు.

కొత్తగా వెళ్లేవారు ముందుగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. గదిలో ఓడిపోయే జట్లలో చాలావరకు పజిల్ కష్టమై ఓడిపోవు, ఒకరికి దొరికిన వస్తువు సంగతి రెండో వారికి తెలియక ఓడిపోతాయి. కింద చెప్పే జాగ్రత్తలలో ఎక్కువ భాగం దీని చుట్టూ తిరిగేవే.

జట్టులో ముగ్గురు గానీ నలుగురు గానీ ఉండడం మంచిదని నా అభిప్రాయం. ఆరుగురు వెళితే ఒకే పెట్టె చుట్టూ నలుగురు మూగుతారు, మిగిలిన ఇద్దరూ గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోతారు. ఇద్దరే వెళితే వెతకడానికీ ఆలోచించడానికీ చేతులు చాలవు. గది ఎంచుకునేటప్పుడు కఠినత ఎంత అన్నది అడిగి తెలుసుకోవడంతో పాటు, చీకటి, పొగ, మిణుకుమిణుకుమనే దీపాలు, పాకుతూ వెళ్లవలసిన ఇరుకు దారులు, భయపెట్టే నటులు ఉన్నారా అన్నది కూడా ముందే అడగాలి. జట్టులో ఒక్కరికి మూసిన గదులంటే భయం ఉన్నా, ఆ గంట ఎవరికీ ఆనందంగా గడవదు. బుకింగ్ మీ జట్టుకే పరిమితమా, అపరిచితులను కూడా కలుపుతారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యంగా అడగవలసినది తలుపు గురించి. 2019 జనవరి 4న పోలండ్‌లోని కొషాలిన్ పట్టణంలో పుట్టినరోజు జరుపుకోవడానికి ఎస్కేప్ రూమ్‌కు వెళ్లిన 15 ఏళ్ల బాలికలు ఐదుగురు, అగ్నిప్రమాదం జరిగినప్పుడు బయటికి రాలేక ప్రాణాలు కోల్పోయారు. తప్పించుకోవడం ఆటలోని కల్పన మాత్రమే కావాలి. మనం లోపలికి వచ్చిన తలుపు ఎప్పుడైనా లోపలి నుంచి తెరుచుకోవాలి, లేదా దాన్ని వెంటనే విడిపించే అత్యవసర బటన్ అందుబాటులో ఉండాలి. అయస్కాంత తాళాలు వాడే చోట, కరెంటు పోతే అవి వాటంతట అవే విడిపోతాయా అని అడగడానికి మొహమాటపడకూడదు. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పని చోట ఆడకుండా తిరిగి వచ్చేయడమే సరైన నిర్ణయం.

ఆటకు ముందు గేమ్ మాస్టర్ (ఆటను నడిపించే నిర్వాహకుడు) చెప్పే మాటలను శ్రద్ధగా వినాలి. ఏ వస్తువులను తాకకూడదు, ఎన్ని హింట్లు అడగవచ్చు, హింటు అడిగితే సమయంలో కోత పడుతుందా, బాణపు గుర్తుల తాళాన్ని (పైకి, కిందికి, పక్కలకు సరైన వరుసలో కదిపి తీసేదాన్ని) మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించాలంటే ఏం చేయాలి, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. బలప్రయోగంతో తెరుచుకోవలసినది దాదాపు ఏ గదిలోనూ ఉండదు. కథను కూడా అంతే శ్రద్ధగా వినాలి, ఎందుకంటే మన పని బయటపడడమో, పోయిన వస్తువును కనిపెట్టడమో, ఏదైనా ఆపద జరగకుండా ఆపడమో ఆ కథలోనే ఉంటుంది.

లోపలికి వెళ్లాక మొదటి ఐదు నిమిషాలు వెతకడానికే కేటాయించాలి. గదిని భాగాలుగా పంచుకుని, సొరుగుల అడుగుభాగాలు, పటాల వెనుక వైపు, వేలాడదీసిన కోటు జేబులు, పుస్తకాల పుటలు, తివాచీ అంచులు చూడాలి. ఆ తర్వాత చోట్లు మార్చుకుని రెండోసారి వెతకాలి, ఎందుకంటే ఒకరి కళ్లు దాటిపోయినది మరొకరి కళ్లకు ఇట్టే కనబడుతుంది. వెతుకుతున్నంతసేపూ కనబడినదల్లా బిగ్గరగా చెబుతూ ఉండాలి. “ఎర్ర త్రిభుజం ఉన్న పెట్టె, దానికి నాలుగంకెల తాళం” అని ఒకరు పలికితే, అప్పటికే చేతిలో త్రిభుజాల కాగితం పట్టుకున్నవారు తలెత్తి చూస్తారు. దొరికిన వస్తువులన్నీ ఒకే బల్ల మీద చేర్చాలి, వాడేసినవాటిని వేరే మూలలో పెట్టాలి. తాళంచెవిని సాధారణంగా ఒక్కసారే వాడతారు కాబట్టి, పని అయ్యాక దాన్ని ఆ తాళంలోనే వదిలేస్తే మళ్లీ మళ్లీ ప్రయత్నించే శ్రమ తప్పుతుంది. ఒకసారి మా జట్టులో ఒకరు చిన్న ఇత్తడి బిళ్లను అలంకారమనుకుని జేబులో వేసుకున్నారు. మిగిలిన మేమంతా దాదాపు ఇరవై నిమిషాలు దానికోసమే వెతికాము. బల్ల నియమం ఎంత విలువైనదో నాకు ఆనాడే తెలిసింది.

పజిల్ ముందు కూర్చున్నప్పుడు, జవాబు ఏ రూపంలో రావాలో తాళాన్ని చూసి తెలుసుకోవాలి. నాలుగంకెల తాళం ఉంటే నాలుగు అంకెలు కావాలి, అక్షరాల తాళం ఉంటే ఒక పదం కావాలి. నాలుగంకెల తాళానికి 10,000 అవకాశాలు ఉంటాయి కాబట్టి ఊహించి తీయడం సాధ్యం కాదు. అయితే మూడు అంకెలు వాటి స్థానాలతో సహా తెలిసిపోతే మిగిలేవి 10 ప్రయత్నాలే. నాలుగు వేర్వేరు అంకెలు దొరికి వాటి వరుస మాత్రం తెలియకపోతే 24 అవకాశాలు ఉంటాయి. సమయం తరుముతున్నప్పుడు ఇది పనికివస్తుంది గానీ, రంగుల క్రమంలోనో బొమ్మల పరిమాణంలోనో ఆ వరుస సాధారణంగా గదిలోనే చెప్పబడి ఉంటుంది, దాన్ని కనిపెట్టడంలోనే అసలైన ఆనందం ఉంది.

ఇక్కడ థీమ్ కూడా సాయపడుతుంది. ఓడ నాయకుడి గదిలో దిక్సూచి ఉంటే, అది చూపే దిక్కుకు అర్థం ఉండే అవకాశం ఎక్కువ. పాతకాలపు గదిలో పైకప్పు దగ్గర కనిపించే ఆధునిక పరికరం మాత్రం నిఘా కెమెరాయో పొగను పసిగట్టే సాధనమో అయి ఉంటుంది, దాని జోలికి పోకూడదు. బాగా రూపొందించిన గదికి బయటి పరిజ్ఞానం అవసరం ఉండదు, కావలసినదంతా ఆ నాలుగు గోడల మధ్యే దొరుకుతుంది.

పజిళ్లు అన్ని గదులలో ఒకేలా అల్లి ఉండవు. కొన్ని గదులలో ఒకటి విప్పితేనే రెండోది బయటపడుతుంది, మరికొన్నింటిలో మూడు నాలుగు దారులు ఒకేసారి తెరిచి ఉంటాయి. కళ్లెదుట తాళాలు చాలా ఉండి, వాటికి సరిపోయే ఆధారాలు కూడా చేతిలో చాలా ఉంటే ఇద్దరిద్దరుగా విడిపోవడం మేలు. తేలవలసిన చిక్కు ఒక్కటే అయితే ఇద్దరు దాని మీద కూర్చుని, మిగిలినవారు మళ్లీ వెతకడానికి వెళ్లాలి.

ఒకే పజిల్ దగ్గర ఐదు నిమిషాలు దాటినా ముందుకు కదలకపోతే దాన్ని మరొకరికి అప్పగించాలి. అలా అప్పగించేటప్పుడు మన ఊహను నూరిపోయకుండా, కళ్లకు కనబడినది మాత్రమే చెప్పాలి, లేకపోతే వారు కూడా మనం పడిన గుంతలోనే పడతారు. అప్పటికీ తేలకపోతే హింటు అడగడానికి సంకోచించకూడదు. అడిగేటప్పుడు ఇప్పటివరకు ఏం ప్రయత్నించామో కూడా చెబితే, కెమెరాలో చూస్తున్న గేమ్ మాస్టర్ మనకు కావలసినంత మేరకే సూచన ఇవ్వగలుగుతారు. చివరి పది నిమిషాలలో మిగిలిన హింట్లను దాచుకోవడంలో అర్థం లేదు.

సమయం ముగిశాక, బయటపడినా పడకపోయినా, విప్పలేకపోయిన భాగాన్ని వివరించమని గేమ్ మాస్టర్‌ను అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు. ఆ జవాబులను మాత్రం ఆ గదికి ఇంకా వెళ్లని మిత్రులకు చెప్పకండి.