బ్రిడ్జ్ కోర్సులో చేరే ముందు మీకు ఏం రాదో తేల్చుకోండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే హనుమకొండలో అదాలత్ నుంచి నయీంనగర్ దాకా ఎటు చూసినా 'బ్రిడ్జ్ కోర్సు' ఫ్లెక్సీలే. ఇప్పటిదాకా చదివిన దానికీ, ఇక చదవబోయే దానికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చే చిన్న కోర్సు అది. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ వేసవిలో ములుగు, పరకాల, నర్సంపేట వైపు నుంచి పిల్లలు అమ్మానాన్నలతో వచ్చి, "సార్, ఎక్కడ చేరమంటారు?" అని అడుగుతుంటారు. ఎక్కడ అన్నది తర్వాత చూద్దాం, ముందు ఎందుకో చెప్పు బిడ్డా అంటాను. అర్హత కోసమా, సబ్జెక్టు రావడం కోసమా? ఈ రెండింటికీ పేరు ఒకటే అయినా దారులు వేరు.

అర్హత సంగతి ముందు చెప్తాను, ఇందులో పొరపాటు జరిగితే ఏడాది పోతుంది. ఇంటర్ వొకేషనల్ చదివిన వాళ్లు ఎంపీసీ, బైపీసీ వాళ్లతో సమానంగా పై చదువులకు వెళ్లాలంటే ఇంటర్ బోర్డు నిర్వహించే బ్రిడ్జ్ కోర్సు పరీక్షలు రాసి పాసవ్వాలి. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సర్టిఫికెట్ దీనికి బదులు పనికిరాదు. ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం వినొచ్చు, పరీక్ష మాత్రం బోర్డుదే రాయాలి. దీనికి ఫీజు విడిగా కట్టాలి కాబట్టి గడువు దాటకముందే ప్రిన్సిపాల్‌ను కలిసి, మీరు అనుకుంటున్న డిగ్రీకి ఏ పేపర్లు కావాలో రాయించుకోండి. పక్కింటి అబ్బాయి రాసిన పేపర్లే మీకూ సరిపోతాయని అనుకోవద్దు. అతని కోర్సు వేరు కావచ్చు.

మిగతా వాళ్లందరికీ కావాల్సింది సబ్జెక్టు. వీళ్లు ఫ్లెక్సీ చూసి కాకుండా సిలబస్ చూసి నిర్ణయం తీసుకోవాలి. చేరబోయే కోర్సు మొదటి సెమిస్టర్ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకోండి. కాకతీయ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీ అయితే కేయూ వెబ్‌సైట్‌లో, జేఎన్‌టీయూహెచ్ కింద ఉంటే వాళ్ల వెబ్‌సైట్‌లో, ఆటానమస్ (సిలబస్ సొంతంగా పెట్టుకునే కాలేజీ) అయితే ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోనే చూడాలి. దానితో పాటు ఒకటో రెండో పాత ప్రశ్నపత్రాలు సంపాదించండి, సీనియర్లను అడిగితే ఇస్తారు.

ఆ పేపర్ ముందు పెట్టుకుని పెన్సిల్‌తో కూర్చోండి. జవాబులు రాయక్కర్లేదు. చదివి మర్చిపోయిన విషయం అయితే ప్రశ్న పక్కన చిన్న గీత, అసలు ఎప్పుడూ వినని విషయం అయితే సున్నా పెట్టండి. గీతలకు డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని లేదు, ఇంటర్ పుస్తకం మళ్లీ తీస్తే చాలు. సున్నాలు ఏ సబ్జెక్టులో ఎక్కువ ఉంటే ఆ సబ్జెక్టు వరకే కోర్సు వెతకండి.

పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్షతో బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రెండో సంవత్సరంలో చేరబోతున్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆమెకు ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫిజిక్స్, డ్రాయింగ్, సీ లాంగ్వేజ్, కమ్యూనికేషన్ స్కిల్స్ అన్నీ కలిపిన ప్యాకేజీ చెప్పారు. ఆ కోర్సులోని సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు పాత పేపర్ ఇచ్చి చూడమన్నాను. తరంగాల బొమ్మలు స్కేలు లేకుండానే ఎంత నీట్‌గా గీసిందో! డిప్లొమా పిల్లల చేతికి ఆ పనితనం ఉంటుంది, వాళ్లకు మళ్లీ డ్రాయింగ్ క్లాసు ఎందుకు? ఇంటిగ్రేషన్‌తో చేసే లాప్లాస్ లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్సిల్ ఆగిపోయింది. రెండు ఫంక్షన్ల లబ్ధాన్ని ఇంటిగ్రేట్ చేయాలి, అందులో దేన్ని 'యు'గా తీసుకోవాలో తెలియలేదు. ఇంకో లెక్కలో పాక్షిక భిన్నాలుగా విడగొట్టే చోట కూడా అంతే. ఆమెకు కావాల్సింది ఇంటర్ రెండో ఏడాది లెక్కల 2ఎ పుస్తకంలో సంకీర్ణ సంఖ్యలు, పాక్షిక భిన్నాలు, 2బిలో ఇంటిగ్రేషన్. ప్యాకేజీ మొత్తంలో ఆ మూడు అధ్యాయాలు ఎక్కడా లేవు. లెక్కల సారు ఒకరి దగ్గర ఆ మూడూ చెప్పించుకోమన్నాను.

మిగతా గ్రూపులకూ ఇలాగే చూసుకోవాలి. బైపీసీ నుంచి కంప్యూటర్స్ ఉన్న డిగ్రీకి వెళ్లేవాళ్లకు లెక్కలు, లాజిక్ కావాలి. ఎంపీసీ నుంచి బీకామ్‌కు వెళ్లేవాళ్లకు డెబిట్, క్రెడిట్, జర్నల్, లెడ్జర్ వస్తే సగం భయం పోతుంది.

తెలుగు మీడియం పిల్లల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వాళ్లకు సబ్జెక్టు రాక కాదు, ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ పేజీ తెరిస్తేనే టెన్షన్ మొదలవుతుంది. అందుకని స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరతారు. అక్కడ పరిచయం చేసుకోవడం, ఫోన్‌లో మాట్లాడటం నేర్పుతారు, అది మంచిదే. డిగ్రీ మొదటి ఏడాదికి కావాల్సింది మాత్రం సబ్జెక్టు పేజీ చదివి అర్థం చేసుకోవడం, నాలుగు వాక్యాల్లో జవాబు రాయడం. ఆ రెండూ చేయించే క్లాసు దొరికితేనే చేరండి. దొరకకపోతే తెలుగు అకాడమీ పుస్తకం, ఇంగ్లిష్ మీడియం పుస్తకం పక్కపక్కన పెట్టుకుని రోజూ ఒక పేజీ చదవండి. మీకు బాగా వచ్చిన అధ్యాయంతోనే మొదలుపెట్టండి, అప్పుడు భాష ఒక్కటే కొత్తగా ఉంటుంది.

ఫీజు కట్టే ముందు టి-శాట్ చూడండి. అది తెలంగాణ ప్రభుత్వానిది, అందులో విద్య, నిపుణ అనే రెండు ఛానళ్ల పాఠాలు యాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉచితంగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల పోర్టల్ 'స్వయం'లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల 11, 12 తరగతుల పాఠాలు ఉంటాయి. ఎన్‌పీటీఎల్ పేరు అందరూ చెప్తారు. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు, చేరడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. కానీ అందులో చాలా కోర్సులు బీటెక్ స్థాయిలోనే మొదలవుతాయి. పునాది లేనివాళ్లు నేరుగా అందులో చేరితే రెండో వారానికే వదిలేస్తారు. ముందు 11, 12 పాఠాలు పూర్తి చేసి అప్పుడు అటు వెళ్లండి.

డబ్బు కట్టి చేరాలనే అనుకుంటే డెమో క్లాసు ఒక్కటే చూసి ఒప్పుకోవద్దు. అది బాగుండేలా చూసుకునే చెప్తారు. ఇప్పుడు చదువుతున్న పిల్లవాడి నోట్‌బుక్ ఒకటి తీసుకుని చూడండి. పిల్లలు సొంతంగా చేసిన లెక్కలు ఉన్నాయా, వాటి మీద సారు ఎర్ర ఇంకుతో దిద్దిన గుర్తులు ఉన్నాయా? బోర్డు మీది లెక్కల కాపీ మాత్రమే కనిపిస్తే మరో చోట చూసుకోండి. పాఠం రోజూ చెప్పేది ఎవరో పేరు అడగండి. ఫీజు నెలనెలా కడతామనండి. ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్లు ప్రయాణానికి పట్టే సమయం కూడా లెక్కేసుకోవాలి. దాని కంటే ఇంటి దగ్గర రెండు గంటలు టి-శాట్ వినడం ఎక్కువ పని చేస్తుంది.

ఇంకొక్క సంగతి. వేర్వేరు నేపథ్యాల నుంచి వచ్చే విద్యార్థుల కోసం లెక్కలు, ఫిజిక్స్, ఇంజినీరింగ్ డ్రాయింగ్ వంటి వాటిలో యూనివర్సిటీలే బ్రిడ్జ్ కోర్సులు పెట్టాలని, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే జాతీయ సంస్థ ఏఐసీటీఈ 2021-22 అప్రూవల్ హ్యాండ్‌బుక్‌లో చెప్పింది. కాబట్టి ఇంజినీరింగ్ సీటు వచ్చాక కాలేజీలో రిపోర్ట్ చేసే రోజే, "బ్రిడ్జ్ క్లాసులు ఉన్నాయా, ఏ సబ్జెక్టులో, ఎప్పటి నుంచి?" అని మీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. సున్నాలు పెట్టిన ఆ ప్రశ్నపత్రం వెంట తీసుకెళ్లి చూపిస్తే, మీకు ఏం కావాలో వాళ్లకూ వెంటనే అర్థమవుతుంది.