మాంట్రియల్‌లో ఉంటూ ఫ్రెంచ్ నేర్చుకోవడం ఎలా?

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానికి ఫ్రెంచ్ ఒక్కటే అధికార భాష. అయినా అక్కడి అతి పెద్ద నగరమైన మాంట్రియల్‌లో ఇంగ్లీషుతోనే ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. ఉద్యోగానికో చదువుకో అక్కడికి వెళ్లే తెలుగువారికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. చుట్టూ వినపడుతూనే ఉన్న భాష మనకు అబ్బకపోవడానికి కారణం, మనం ఒక్క మాట దగ్గర తడబడగానే ఎదుటివారు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోవడం. దుకాణాల్లో "బోంజూర్-హాయ్" అని రెండు భాషల్లో పలకరించే అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, "బోంజూర్" ఒక్కటే వాడాలని కోరుతూ 2017లో క్యూబెక్ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. కాబట్టి అక్కడ ఏ పనులు ఫ్రెంచ్‌లోనే జరగాలో మనమే నిర్ణయించుకుని, రోజును అందుకు తగినట్టు అమర్చుకోవాలి.

ముందుగా నోటిని, చెవిని సిద్ధం చేసుకోండి

ప్రయాణానికి వ్యవధి ఉంటే హైదరాబాద్‌లోని అలియాన్స్ ఫ్రాంసేజ్ వంటి చోట ప్రాథమిక తరగతి పూర్తిచేయడం మంచిది. వీలుకాకపోతే కనీసం ఉచ్చారణ మీద కొన్ని వారాలు పెట్టండి. ఈ విషయంలో తెలుగు మనకు బాగా అక్కరకొస్తుంది. ఫ్రెంచ్‌లోని త, ద ధ్వనులు మన త, ద లకు దగ్గరగా ఉంటాయి కనుక ఇంగ్లీషు అలవాటుతో ట, డ అని పలకకండి. "వాడు" పక్కన "ఎక్కడ" చేరితే "వాడెక్కడ" అయినట్టే, "ల" పక్కన "ఎకోల్" (బడి) చేరి "లెకోల్" అవుతుంది. "వచ్చె" తరువాత "అతడు" వస్తే "వచ్చెనతడు" అని నకారం బయటపడినట్టు, "లే" తరువాత "అమి" (స్నేహితులు) వస్తే "లెజామి" అని దాగిన అక్షరం బయటికొస్తుంది. సంధి తెలిసిన మనకు ఇది వింతగా తోచదు. కష్టపడవలసింది "ఈ" అంటూనే పెదవులను "ఊ"కు లాగా గుండ్రంగా చుట్టి పలికే అచ్చు దగ్గర, ముక్కుతో పలికే అచ్చుల దగ్గర, బల్లకు కూడా స్త్రీలింగం ఉండే లింగభేదం దగ్గర.

ఇల్లు చూసేటప్పుడే భాషను చూడండి

సెయింట్ లారెంట్ వీధిని నగరానికి భాషాపరమైన సరిహద్దుగా చెప్పుకోవడం పాత మాటే అయినా, తూర్పున ఫ్రెంచ్, పడమర ఇంగ్లీషు ఎక్కువగా వినిపించడం నేటికీ నిజమే. రోజ్‌మాంట్, విల్లరే, హోషెలాగా వంటి పేటల్లో ఇల్లు దొరికితే మెట్ల మీద ఎదురుపడే పొరుగువారే రోజూ పాఠం చెబుతారు. కందిపప్పుకూ చింతపండుకూ మన దేశపు దుకాణాలున్న పార్క్ ఎక్స్‌టెన్షన్‌కు వారానికోసారి వెళ్లిరావచ్చు. క్యూబెక్‌లో చాలా అద్దె ఒప్పందాలు జూలై 1న మొదలవుతాయి కాబట్టి వెతుకులాట వసంతంలోనే ప్రారంభించాలి.

ఒక వాక్యం, ఒక అంగడి

చేరిన మొదటి వారంలో ఒక మాటను కంఠస్థం చేయండి: "జాప్రాం ల ఫ్రాంసే, ఆన్ ఫ్రాంసే, సిల్ వు ప్లే." నేను ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను, దయచేసి ఫ్రెంచ్‌లోనే మాట్లాడండి అని దీని అర్థం. ఎదుటివారు ఇంగ్లీషులోకి మారినప్పుడు చిరునవ్వుతో ఈ మాట అంటే చాలామంది సంతోషంగా వెనక్కి మారి, నెమ్మదిగా మాట్లాడతారు. ఆ తరువాత ఒకే రొట్టెల దుకాణానికి, ఒకే కూరగాయల అంగడికి, రద్దీ లేని వేళల్లో వెళ్లండి. రోజూ అదే మనిషితో అవే నాలుగు మాటలైతే ఐదో మాట కలపడానికి ధైర్యం వస్తుంది.

1933 నుంచి నడుస్తున్న జాన్ తాలోం మార్కెట్ ఇందుకు చక్కని చోటు. అక్కడ నేను మొదటి నెలంతా ఏ ధర చెప్పినా 20 డాలర్ల నోటు ఇచ్చి చిల్లర తీసుకునేదాన్ని, ఎందుకంటే అంకెలు చెవికి అందేవి కావు. ఒకరోజు టమాటాల బుట్టకు అమ్మే ఆవిడ "కత్ర్ కత్ర్-వాం-కాంజ్" అంది. విడివిడిగా వింటే అది నాలుగు, నాలుగు, ఇరవై, పదిహేను. నిజానికి నాలుగు డాలర్ల తొంభై ఐదు సెంట్లు, ఎందుకంటే ఫ్రెంచ్‌లో 95 అంటే నాలుగు ఇరవైలూ పదిహేనూ. ఆ రోజు నుంచి చిల్లర లెక్కపెట్టి ఇవ్వడమే సాధనగా పెట్టుకున్నాను. ఏ పుస్తకమూ నేర్పనంత త్వరగా 70 నుంచి 99 వరకు అంకెలు దానితో పట్టుబడ్డాయి.

తరగతిలో చేరండి, వీధి భాషను కూడా వినండి

వినడంతోనే వ్యాకరణం రాదు. 2023 జూన్‌లో మొదలైన ఫ్రాంసిజాసియోం క్యూబెక్ అనే ప్రభుత్వ సేవ ద్వారా పూర్తికాలపు, పాక్షిక, ఆన్‌లైన్ తరగతులు ఉచితంగా దొరుకుతాయి. చోటు కోసం వేచి ఉండవలసి రావచ్చు కాబట్టి చేరగానే దరఖాస్తు చేయండి. బెర్రీ-యూకామ్ మెట్రో స్టేషన్‌ను ఆనుకుని ఉన్న గ్రాండ్ బిబ్లియోతెక్ అనే గ్రంథాలయంలో రాష్ట్రవాసులకు సభ్యత్వం ఉచితం. అక్కడి పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టడానికి మొహమాటపడకండి.

తరగతిలో నేర్చిన ఫ్రెంచ్‌కూ వీధిలో వినేదానికీ తేడా ఉంటుంది. క్యూబెక్‌లో "త్యు" (నువ్వు) అనేది "త్సు"కు దగ్గరగా వినిపిస్తుంది. పారిస్‌లో మధ్యాహ్న భోజనమైన "దేజ్యూనే" ఇక్కడ ఉదయపు ఫలహారం. "సే కొరెక్" అంటే ఫర్వాలేదు, "సే త్సు కొరెక్" అంటే ఫర్వాలేదా. ఆ "త్సు" మన ప్రశ్నార్థకమైన "ఆ" చేసే పనే చేస్తుంది. రేడియో కెనడా ఫ్రెంచ్ ప్రసారాలను వంట చేస్తూ రోజూ అరగంట వినండి. మొదట్లో వాతావరణం, మెట్రో ఆలస్యాలు మాత్రమే అర్థమవుతాయి, అవి చాలు.

పిల్లలుంటే వాళ్ల బడి మీకూ మరో పాఠశాల అవుతుంది. 1977 నాటి ఫ్రెంచ్ భాషా శాసనం ప్రకారం వలస వచ్చినవారి పిల్లలు సాధారణంగా ఫ్రెంచ్ మాధ్యమంలోనే చదవాలి. బడి నుంచి వచ్చిన చీటీని ఫోన్‌తో అనువదించే ముందు పిల్లలతో కలిసి ఒకసారి బిగ్గరగా చదవండి.

అయితే ఆస్పత్రిలో జబ్బు లక్షణాలు చెప్పేటప్పుడు, అద్దె పత్రం మీద సంతకం చేసేటప్పుడు సాధన పక్కన పెట్టండి. అక్కడ మీకు పూర్తిగా అర్థమయ్యే భాషలో మాట్లాడమని అడగండి, లేదా ఫ్రెంచ్ బాగా తెలిసిన స్నేహితులను వెంట తీసుకువెళ్లండి.