ఇంట్ల ఉండి కుట్టుపని చేస్తే మాపటికల్ల ఆర్డర్లు ఒడవాలంటే ఎట్ల చేయాలె?

ఇంట్ల మిషిన్ పెట్టుకొని బ్లౌజులు కుట్టేటోళ్లు మా నల్గొండల గల్లీకి ఇద్దరు ముగ్గురు ఉంటరు. మిర్యాలగూడ పో, దేవరకొండ పో, అటు పాలమూరు పో, ఎక్కడైనా ఇదే. అందరిదీ ఒకటే మాట, పొద్దంత మిషిన్ మీద కూసున్నట్టే ఉంటది గాని మాపటికి చూస్తే రెండు బ్లౌజులు కూడ తెమలలేదు అని. ఇంకిన్ని గంటలు చేస్తే అయితది అనుకొని రాత్రి పదకొండు దాక కుట్టేటోళ్లు ఉన్నరు, నన్నడిగితే దానితోని ఏం లాభం లేదు. టైం కుట్టేటప్పుడు పోదు, మధ్యల లేచినప్పుడు పోతది. కుక్కర్ విజిల్‌కు లేస్తం, గేటు చప్పుడుకు లేస్తం, ఫోన్ మోగితే లేస్తం, మళ్ల వచ్చి కూసున్నంక ఏ ముక్క ఏ దిక్కు జాయింట్ చేస్తున్నమో చూసుకునుడుకే ఐదు నిమిషాలు అయితది. కింద చెప్పేవన్నీ ఈ లేచుడు తగ్గించుకునేటందుకే. పచ్చళ్లు, పిండివంటలు, ట్యూషన్లు, ఇంటికాడ చీరలమ్ముడు, ఏ పనికైనా ఇది నడుస్తది గాని నేను కుట్టుపని తీరుగనే చెప్త, నాకు తెలిసింది అదే కాబట్టి.

1. ముందుగాల, లేచినప్పుడల్ల ఒక గీత పెట్టుండ్రి

మిషిన్ ఎదురుంగ గోడకు ఒక కాగితం అంటించి వంట, పిల్లలు, ఫోన్, కస్టమర్లు, సామాను అని ఐదు పేర్లు రాసుండ్రి. ఎందుకు లేస్తే దాని కింద గీత. మూడు నాలుగు రోజులు పెడితే చాలు. మనం ఏమనుకుంటమంటే పిల్లలతోనే టైం పోతుందని, తీరా చూస్తే ఎక్కువ గీతలు సామాను కింద ఉంటయి, అంటే దారం కోసం, హుక్స్ కోసం, కత్తెర ఏడ పెట్టిన్నో దేవులాడేటందుకు లేచినయన్నమాట. దాని తర్వాత ఫోన్. పిల్లల్ని ఉత్తగనే బద్నాం చేస్తం.

2. చెయ్యి చాపితే అన్నీ అందాలె

మిషిన్ హాల్లో టీవీ ఎదురుంగ పెట్టకుండ్రి, వచ్చిపోయేటోళ్లందరు అక్కడే కూసుంటరు. బెడ్‌రూంల కిటికీ దగ్గర, వెలుతురు ఎడమదిక్కుకెల్లి పడేటట్టు చిన్న జాగ ఉన్నా సరిపోతది. దారాలు రంగుల వారీగ ఒక డబ్బాల, హుక్స్ ఒక డబ్బాల, సూదులు మూడు రకాలు ఉండాలె, పల్చటి బట్టకు 11 నంబర్, మామూలు దానికి 14, మందం దానికి 16. సూది మొద్దుబారితే దారం తెగుతది, కుట్టు వదిలేస్తది, మనం మిషిన్ ఖరాబైందని మెకానిక్‌కు ఫోన్ చేస్తం, పది రూపాయల సూదితోని అయ్యే పని అది. ఎక్కువ వచ్చే రంగులు, నలుపు, తెలుపు, మెరూన్, గోల్డ్, ఆకుపచ్చ, వీటి బాబిన్లు (మిషిన్ కింది దారం చుట్టే చిన్న చక్రాలు) వారానికోసారి అన్నీ ఒక్కపారే నింపి పెట్టుకోండ్రి. బట్ట కత్తెరకు ఎర్ర రిబ్బన్ కట్టి, ఇది ముట్టుకుంటే ఊకోను అని ఇంట్ల అందరికీ చెప్పుండ్రి, లేకుంటే మీరు చూడంగనే దానితోని పాల ప్యాకెట్ కోస్తరు.

నీళ్ల బాటిల్, చెత్తబుట్ట కూడ పక్కనే.

3. మధ్యల ఆగకూడని పని, ఆగినా పరవాలేని పని వేరు చేసుకోండ్రి

అన్నిటికన్నా ఇది ముఖ్యం, దీనికే జర ఎక్కువ చెప్త. బ్లౌజ్ పనిల కటింగ్, మెడ తిప్పుడు, చేతులు ఎక్కించుడు, ఇవి మధ్యల ఆగితే తప్పు పోతది, తప్పు పోతే విప్పాలె, కటింగ్‌ల తప్పు పోతే ఇంక విప్పుడు కూడ లేదు, కస్టమర్ బ్లౌజ్ పీస్ మళ్ల యాడ దొరుకుతది. హుక్స్ కుట్టుడు, కాజాలు, హెమ్మింగ్ (అంచు మడిచి కుట్టుడు), చీర ఫాల్ చేతికుట్టు, దారాలు కత్తిరించుడు, ఇవి ఎన్నిసార్లు ఆగినా ఏం కాదు. అందరు ఏం చేస్తరంటే ఒక బ్లౌజ్ పట్టుకొని మొదటికెల్లి చివరిదాక కుట్టి, అది అయినంక ఇంకోటి పడతరు. అట్ల చేస్తే పిల్లలు బడికి పోయినంక వచ్చే మంచి టైంల హుక్స్ కుట్టుకుంట కూసుంటం, సాయంత్రం లొల్లిల కటింగ్ పెట్టుకుంటం.

నాలుగు లైనింగ్ బ్లౌజులు ఉన్నయనుకోండ్రి. ముందటి రాత్రి నాలుగిటి కాటన్ లైనింగ్ బట్టలు నీళ్లల్ల నానబెట్టి ఆరేయండ్రి, లేకపోతే మొదటి ఉతుకుడుకే లైనింగ్ గుంజుకపోయి బ్లౌజ్ ముడతలు పడతది. రంగు పోయేవి వేరే బకెట్‌ల. తెల్లారి నాలుగూ ఒక్కసారే ఇస్త్రీ. ఇక్కడ కరెంటు లెక్క కూడ ఉంది, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు ఆగకుండ కాలితే ఒక యూనిట్, అదే 100 వాట్ల మిషిన్ మోటర్ పది గంటలు నడిస్తే ఒక యూనిట్. సర్కారు గృహజ్యోతి స్కీంల ఉన్నోళ్లకు 200 యూనిట్ల దాక బిల్లు లేదు గాని దాటితే మొత్తం కట్టాలె, కాబట్టి ఒక్కో ముక్కకు పెట్టె వేడి చేసుకుంట కూసోకుండ్రి.

ఇస్త్రీ కాంగనే కటింగ్, నాలుగూ వరుసగ, ఫోన్ వేరే రూంల పెట్టి. ఏ బ్లౌజ్ ముక్కలు ఆ బ్లౌజ్‌కే చుట్టి, చీటీ పిన్ను పెట్టి, కవర్‌ల వేయండ్రి. కుట్టేటప్పుడు దారం రంగును బట్టి వరుస పెట్టుకోండ్రి, మెరూన్‌వి రెండుంటే రెండూ పక్కపక్కనే, మధ్యల పచ్చ దూర్చొద్దు. మధ్యానం దాక మిషిన్ పని, సాయంత్రం పిల్లలొచ్చినంక వాకిట్ల కూసొని హుక్స్, హెమ్మింగ్, పక్కింటామెతోని ముచ్చట పెట్టుకుంట కూడ అయిపోతది. కరెంటు పోతే కూడ ఈ పనే తీయాలె, అందుకే చేతిపని ఎప్పుడూ కొంత మిగుల్చుకోండ్రి.

సకినాలు చేసి అమ్మేటోళ్లకు ఇది చెప్పక్కర్లేదు, చుట్టేటప్పుడు నడుమ లేస్తే పిండి ఆరిపోయి సకినం తెగుతదని తెలుసు, ప్యాకింగ్ మాత్రం ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఇంకోటి, లేవొద్దంటే నడుము విరగ్గొట్టుకొమ్మని కాదు. గంటకోసారి మీ అంతట మీరే లేచి నాలుగడుగులు నడవండ్రి, ఇంకొకళ్లు లేపుడే వద్దంటున్న.

4. ఆర్డర్ తీసుకునే కాడనే సగం పని

బ్లౌజ్ ఎప్పుడు కావాలె అని అడగకుండ్రి, అందరు రేపే అంటరు. ఎప్పుడు కట్టుకుంటరు అని అడుగుండ్రి, అప్పుడు అసలు తారీకు బయటికొస్తది. కట్టుకునే రోజుకు మూడు రోజుల ముందు ఇస్తనని రాసుకోండ్రి, లూజో టైటో ఉంటే సరిచేయడానికి టైం ఉంటది. చీటీ మీద మొత్తం ఉండాలె, ఉదాహరణకు ఇట్ల: మెరూన్ పట్టు, లైనింగ్, ప్రిన్సెస్ కట్, వెనక డోరి, చెయ్యి పొడవు 10, కొలత బ్లౌజ్ ఇచ్చిండ్రు, పెళ్లి 14, ఇచ్చేది 11 సాయంత్రం, అడ్వాన్స్ ముట్టింది, బాకీ ఇంత. చీటీ ఫోటో తీసి కస్టమర్‌కు పంపియ్యాలె. "నేను డోరి అనలే అక్కా, పాట్ నెక్ అన్న" అనే పంచాయితీ అక్కడికే ఖతం, ఆ పంచాయితీల పోయే అరగంట మిగులుతది.

వారానికి ఎన్ని కుట్టగలమో పోయిన రెండు వారాల పుస్తకం చూసి లెక్క కట్టుండ్రి, మనసుల అనుకున్న లెక్క కాదు. రోజుకు మూడు అయితే రెండే ఒప్పుకోవాలె. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ పీసులొస్తే ఒకటిని ఒకటిన్నర కింద రాసుకోండ్రి, ముందు భాగం రెండు ముక్కలల్ల డిజైన్ ఎదురుబొదురు కలవాలంటే కటింగ్‌కే టైం పడతది. అర్జెంట్‌కు వంద రూపాయలు ఎక్కువ అని రేటు పెట్టుండ్రి, సగం అర్జెంట్లు ఆ మాట వినంగనే అర్జెంట్ కాకుండ పోతయి.

5. ఫోన్

వాట్సాప్ బిజినెస్ వేసుకోండ్రి, ఫ్రీనే. అందుల మనం లేనప్పుడు దానంతట అదే పోయే మెసేజ్ పెట్టుకోవచ్చు: "పని మీద ఉన్న, మధ్యానం రెండింటికి, సాయంత్రం ఆరింటికి చూస్త, కొలతలకు నాలుగు తర్వాత రాండ్రి." రేట్ల లిస్టు క్విక్ రిప్లైల పెట్టుకుంటే ప్రతి ఒక్కళ్లకు టైప్ చేసే పని లేదు. లేబుల్స్ పెట్టుకోండ్రి, కటింగ్ అయింది, రెడీ, పైసలు రావాలె అని, ఎవరిది యాడిదాక వచ్చిందో తెలుస్తది. స్కూల్ నుంచి, ఇంటోళ్ల నుంచి వచ్చే కాల్స్ మాత్రం మోగేటట్టు ఉంచి మిగతావి సైలెంట్.

నలభై డిజైన్ ఫోటోలు పంపి "ఇందుల ఏది మంచిగుంటది అక్కా" అని అడిగేటోళ్లు ఉంటరు, "రెండు పెట్టు చెల్లె, ఆ రెంటిల చెప్త" అనుండ్రి. డిజైన్లు చూడాలని మనం తెరిచిన రీల్స్ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు, దానికి రాత్రి అన్నం తిన్నంక టైం పెట్టుకోండ్రి.

6. "ఇంట్లనే ఉంటివి గదా" అనేటోళ్లు

షాపు పెట్టుకున్న ఆమెను ఎవరూ పిల్లగాన్ని చూస్కో అనరు. మనల్ని అంటరు. "వదినా, ఇంట్లనే ఉంటివి గదా, మా పార్సిల్ తీసుకో," "గ్యాస్ అతను వస్తడు, జర చూడు." కొట్లాడాల్సిన పని లేదు, గేటుకు బోర్డు పెట్టుండ్రి: టైలరింగ్, కస్టమర్లు సాయంత్రం 4 నుంచి 7 దాక. పొద్దుగాల పదికెల్లి ఒంటిగంట దాక తలుపు దగ్గరేసి ఉంచుండ్రి. కొన్ని రోజులు మొహం మాడ్చుకుంటరు, తర్వాత అలవాటైతది. అత్తమ్మకు మాత్రం బోర్డు పనిచేయదు, ఆమెకు ఎదురుంగ కూసొని చెప్పాలె, ఈ మూడు గంటలల్ల ఇన్ని బ్లౌజులు, ఇన్ని పైసలు అని లెక్క చూపిస్తే చాలామంది అత్తమ్మలు వాళ్లే గేటు కాడ కావలి కూసుంటరు. వంట పొద్దుగాలనే రెండు పూటలది చేసుకునేది ఎవరి ఇంటిని బట్టి వాళ్లు చూస్కోవాలె. మహిళా సంఘం మీటింగ్ ఉన్న రోజు ముందే తెలుస్తది, ఆ రోజు పూటకు ఆర్డర్లు తక్కువ రాసుకోండ్రి.

7. ఫ్రీ బస్సు ఉందని హైదరాబాద్ ఉరకకుండ్రి

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆడోళ్లకు టికెట్ లేదు, మంచిదే. కాని లేస్ అయిపోయిందని ఒకపారి, గోల్డ్ పైపింగ్ అయిపోయిందని ఒకపారి బేగంబజార్, జనరల్ బజార్ పోతే, నల్గొండకెల్లి అయినా మహబూబ్‌నగర్‌కెల్లి అయినా వంద కిలోమీటర్ల దాక ఉంటది, పోను రాను నాలుగైదు గంటలు బస్సులనే, ఇంకిన్ని గంటలు బజార్ల. టికెట్ పైసలు మిగిలినయి గాని ఆ రోజు కుట్టే బ్లౌజుల పైసలు పోయినయి. అందుకని డబ్బా సగం కాంగనే లిస్టుల రాయాలె, మొత్తం అయిపోయినంక కాదు. నెలకోసారి పోయి లైనింగ్, హుక్స్, దారాలు, లేసులు అన్నీ తెచ్చుకోండ్రి, నడుమ అవసరం పడితే ఊర్లనే రెండు రూపాయలు ఎక్కువ పెట్టి కొనుండ్రి, అదే అగ్గువ.

8. పైసల లెక్క

బిజినెస్‌కు వేరే బ్యాంకు అకౌంట్, దానికే క్యూఆర్. కూరగాయల పైసలు దాంట్లకెల్లి కట్టకుండ్రి, నెలాఖరుకు లెక్క చూసుడు పది నిమిషాల పని అయితది. ఉద్యం, అంటే చిన్న వ్యాపారాలకు సర్కారు చేసే రిజిస్ట్రేషన్‌, దానికి ఒక్క పైసా ఫీజు లేదు, ఆధార్, పాన్‌తోని ఫోన్‌లనే అయితది, ఎవరన్న వెయ్యి అడిగితే ఇయ్యకుండ్రి. చేతివృత్తులోళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ స్కీంల దర్జీ పని కూడ ఉంది, ట్రైనింగ్, 15,000 దాక టూల్‌కిట్, మొదటి విడత లక్ష దాక 5 శాతం వడ్డీకి లోన్, కామన్ సర్వీస్ సెంటర్‌ల అడుగుండ్రి.

9. ఎండకాలం, పండుగలు

మా దిక్కు మే నెలల 44, 45 డిగ్రీలు కొడతది. మధ్యానం రెండు నుంచి నాలుగు దాక మిషిన్ ముట్టకుండ్రి, కూలర్ పెడితే ముక్కలు ఎగురుతయి, పెట్టకపోతే చెమట పట్టుబట్ట మీద మరక పడతది. ఆ నెలల కటింగ్ తెల్లవారుజామునే పెట్టుకోవాలె.

ఆషాఢంల పెళ్లిళ్లుండవు, పని సల్లబడతది, మిషిన్ విప్పి దుమ్ము తీసి ఆయిల్ పోసుకునేది అప్పుడే. కాని ఊరికెనే కూసోకుండ్రి, ఆషాఢం ఆఫర్లల్ల కొన్న చీరలన్నీ శ్రావణంల బ్లౌజులకు వస్తయి, ఒక్కపారే. పాత కస్టమర్లకు ఆషాఢంలనే మెసేజ్ పెట్టి, ఇప్పుడిస్తే వారంల ఇస్త, శ్రావణంల అయితే రెండు వారాలు అని చెప్తే కొందరన్న ముందే తెస్తరు.

ఇగ బతుకమ్మ. ఎంగిలిపూల బతుకమ్మకు వారం ముందే ఆర్డర్లు బంద్ చేయాలె, ఎంత తెలిసినోళ్లయినా. సద్దుల నాటికి అందరికీ కావాలె, ఎవరూ ఒక రోజు ఆగరు, ఇంట్ల మన బతుకమ్మ కూడ మనమే పేర్చుకోవాలె. గేటు బోర్డు మీద చాక్‌పీస్‌తోని "దసరా ఆర్డర్లు ఫుల్" అని రాసి, వాట్సాప్ స్టేటస్‌ల అదే పెట్టుండ్రి. అప్పుడు కూడ గేటు కొట్టి "ఒక్క పక్క కుట్టు విప్పి లూజ్ చేస్తే చాలక్కా, రెండు నిమిషాల పని" అంటరు. దానికి కూడ సాయంత్రం నాలుగు తర్వాతనే రమ్మనుండ్రి.