పాత మండువా ఇంట్లో ఏమేం నడిచేవో తెలుసుకోవడం ఎలా?

గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో మిగిలిన మండువా ఇళ్ళలో కొన్ని కాపురానికే పరిమితం కాలేదు. ఒకప్పుడు వాటిలో బడి, కరణం కచేరీ, పొగాకు గ్రేడింగు కూడా నడిచాయి. అలాంటి ఇంటి చరిత్ర రాయాలనుకునేవారు ముందు దస్తావేజుల వెంటపడతారు గాని, నా ఉద్దేశంలో అది రెండో పని. ఇల్లు ఎవరిదో దస్తావేజు చెబుతుంది, లోపల ఏం జరిగేదో చాలావరకు చెప్పదు.

సున్నం వేయించక ముందే గోడలు చూడండి. వసారా గోడ మీద పాత పొరల కింద పిల్లలకు అందే ఎత్తులో నల్లటి చదరం బయటపడితే, అక్కడ బడి నడిచి ఉండవచ్చు. వీధి అరుగు మీదికి మాత్రమే తలుపున్న గది కరణంగారి లెక్కల గది కావచ్చు. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా చాలా ఊళ్ళలో దస్త్రాలు వారి ఇళ్ళలోనే ఉండేవి. టేకు స్తంభానికి నిలువునా ఖాళీ గాడి ఉంటే, అక్కడ ఒకప్పుడు చెక్క అడ్డు ఉండేదన్నమాట: అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారో, వాటా అద్దెకిచ్చారో ఇంట్లోవాళ్ళను అడగాలి.

పైకప్పు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. మంగళూరు పెంకును బాసెల్ మిషన్ వారు 1865లో తయారుచేయడం మొదలుపెట్టారు గనుక, వారి ముద్ర ఉన్న పెంకు అంతకు ముందుది కాదు. కాని అది కప్పు వయసే. తాటాకు తీసి పెంకు వేయించిన ఇళ్ళు కొల్లలు.

ఇక కాగితాలు. గ్రామకంఠంలోని (ఊరి నివాస స్థలంలోని) ఇంటికి సాధారణంగా విడి సర్వే నంబరు ఉండదు గనుక, డోరు నంబరుతోను, హద్దులతోను ఈసీ (ఆస్తి మీద నమోదైన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ధ్రువపత్రం) వెతికించాలి. అసలు విషయం తరచు పొరుగింటి దస్తావేజులో దొరుకుతుంది: దాని హద్దుల్లో "పడమర: బడి నడిచే ఇల్లు" అని ఉంటే, మీ దస్తావేజు దాచిన సంగతి, తేదీతో సహా, బయటపడినట్టే.

పెద్దవాళ్ళను సంవత్సరం అడగకండి. 1977 దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా అని అడగండి. ఆడవాళ్ళను వేరుగా కూర్చోబెట్టి అడిగితే, పొగాకు వేరుచేసే కూలీలు ఏ నడవాలో కూర్చునేవారో కూడా చెబుతారు. ఇద్దరి మాటా కలవకపోతే రెండూ రాసుకుని, ఎవరు ఇంటి ఏ వైపునుంచి చూశారో పక్కన గుర్తుపెట్టండి.