ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌నే మీడియా సర్వర్‌గా మార్చుకోవడం ఎలా?

సినిమాలు, పెళ్లి వీడియోలు అన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. హాల్లో చూడాలంటే మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, టీవీ వెనక తడుముకుంటూ గుచ్చాలి. ఆ తిప్పలు వద్దనుకుంటే జెల్లీఫిన్ పెట్టుకోండి. కంప్యూటర్‌లోని వీడియోలను ఇంటి నెట్‌వర్క్ మీదుగా నేరుగా టీవీకి పంపే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ అది. 2018 చివర్లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. పైసా కట్టక్కర్లేదు. విండోస్ కంప్యూటర్‌లో ఎలాగో చూద్దాం.

ముందు ఫైళ్లు సర్దండి. ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని, అసలు చాకిరీ ఇక్కడే. సినిమాలకో ఫోల్డర్, సీరియళ్లకోటి, ఇంటి వీడియోలకోటి. ఒక్కో సినిమాకి మళ్లీ విడి ఫోల్డర్ చేసి, ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు, పక్కనే బ్రాకెట్లో విడుదలైన సంవత్సరం రాయండి. సంవత్సరం ఎందుకంటారా? నేను బద్ధకించి ఉత్త ‘దేవదాసు’ అని వదిలేశా. అమ్మ 1953 నాటి నాగేశ్వరరావు సినిమా కోసం వెతికితే, 2006లో వచ్చిన రామ్ సినిమా పోస్టర్ కనిపించింది. లోపల పాత సినిమానే, అట్ట మాత్రం కొత్తది! ఫైల్ పేరు పట్టుకునే జెల్లీఫిన్ నెట్‌లో పోస్టర్, కథ వెతుక్కుంటుంది మరి.

ఇప్పుడు జెల్లీఫిన్ సొంత సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ దించుకుని, బేసిక్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి. అయ్యాక అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి localhost:8096 అని కొడితే సెటప్ పేజీ వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్లను లైబ్రరీలుగా చేర్చండి. ఇంటి వీడియోలకు ‘హోమ్ వీడియోస్’ రకమే ఎంచుకోవాలి. ‘మూవీస్’ అన్నారో, మీ అక్క పెళ్లికి ఏ హాలీవుడ్ సినిమా పోస్టరో తగిలించినా తగిలిస్తుంది. విండోస్ కాపలాదారు ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి మాత్రమే అనుమతివ్వండి.

టీవీలో వెతకడానికి కంప్యూటర్ ఐపీ అడ్రస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దానికుండే నంబర్ కావాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ipconfig అని కొడితే 192.168.1.10 లాంటి నంబర్ కనిపిస్తుంది. రౌటర్ సెట్టింగుల్లో ఆ నంబర్‌ని ఈ కంప్యూటర్‌కే రిజర్వ్ చేయండి, లేకపోతే ఏదో ఒక రోజు మారిపోతుంది. ఆండ్రాయిడ్ టీవీలో జెల్లీఫిన్ యాప్ వేసి, ఆ నంబర్ చివర :8096 తగిలిస్తే సరి.

వీడియో ఆగి ఆగి వస్తుంటే వెంటనే నెట్‌ని తిట్టకండి. ఆ ఫార్మాట్ టీవీకి అర్థం కాకపోతే, కంప్యూటర్ అప్పటికప్పుడు దాన్ని మార్చి పంపాలి. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. పాపం ప్రాసెసర్ ఫ్యాన్ గిర్రున తిరిగేది అప్పుడే. ఇంటెల్ చిప్ అయితే డ్యాష్‌బోర్డ్‌లో ప్లేబ్యాక్ కింద క్విక్ సింక్ ఆన్ చేయండి, ఈ మార్చే పనిని చిప్‌లోని వీడియో విభాగం చూసుకుంటుంది. 10 బిట్ హెచ్‌ఈవీసీ (HEVC) అనే వీడియో ఫార్మాట్ ఫైళ్లకు మాత్రం ఏడో తరం లేదా ఆ తర్వాతి చిప్ ఉండాలి. వీలైతే కంప్యూటర్‌ని వైఫైకి వదిలేయకుండా రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలపండి.

పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ని ‘నెవర్’ చేయడం మరవకండి. మానిటర్ ఆఫ్ చేసినా పర్లేదు. కరెంటు పోయి వస్తే మాత్రం కంప్యూటర్ ఆన్ చేసి, విండోస్‌లో ఒకసారి లాగిన్ అవ్వాలి. బేసిక్ ఇన్‌స్టాల్‌లో సర్వర్ అప్పుడే లేస్తుంది.