పెరట్లో కోళ్లు – నాలుగో పాఠం: పొదగేయడం

గూడు, మేత కిందటి పాఠాల్లో చెప్పుకున్నాం. ఈసారి పొదగేయడం. విశాఖ లాంటి ఊళ్లో ఇది ఒక ఇంటితో అయ్యే పని కాదు, ఎందుకంటే చాలా ఇళ్లలో పుంజు ఉండదు. ఎంవీపీ కాలనీలోనో అక్కయ్యపాలెంలోనో గోడకి గోడ ఆనుకుని ఉన్న ఇళ్ల మధ్య తెల్లారకముందే పుంజు కూస్తే పక్కవాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటారు? అందుకని పెట్టల్ని మాత్రమే ఉంచుకుంటారు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది గానీ వాటిలోంచి పిల్లలు దిగవు. పిల్లలు కావాలంటే పెందుర్తి, సబ్బవరం వైపు పుంజు ఉన్న ఇంటితో రాకపోకలుండాలి. వాళ్లకీ మనతో పని పడుతుంది. వాళ్లు పెంచే వనరాజా, గ్రామప్రియ లాంటి రకాల కోళ్లు గుడ్లు బాగా పెడతాయి, పొదుగుకి కూర్చోవడం మాత్రం అరుదు. ఆ గుడ్లకి నాటు పెట్ట కావాలి.

"ఒదినా, మా నల్లపెట్ట పొదుగుకొచ్చింది. గుడ్లు తీసి ఉంచు, ఆదివారం వస్తాను." ఇలాంటి ఒక్క ఫోన్‌తో పని మొదలవుతుంది.

ఫోన్ చేసే ముందు పెట్ట నిజంగా పొదుగుకొచ్చిందో లేదో చూసుకోండి. గూట్లోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు పొంగించి కసురుతుంది. పొట్ట కింద ఈకలు ఊడి చర్మం వేడిగా తగులుతుంది. రెండు రాత్రులు వరసగా గూట్లోనే పడుకుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

అవతలివాళ్లకి చెప్పాల్సినవి: వారం దాటిన గుడ్లు వద్దు, ఎండాకాలమైతే నాలుగైదు రోజుల లోపువే కావాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డుకి చెమట పడుతుంది, ఆ తడితో మురికి పెంకులోకి దిగుతుంది. గుడ్లు కడగకూడదు కూడా. తెచ్చేటప్పుడు డబ్బాలో తవుడు పోసి, మొన కిందికి ఉండేలా గుచ్చితే బండి మీద కుదుపులు తగలవు. ఇంటికి చేరాక ఒక పూట కదపకుండా ఉంచండి.

వెదురు బుట్టలో కాస్త బూడిద, పైన వరిగడ్డి, మధ్యలో నాలుగు వేపాకు రెమ్మలు వేయండి. కోడిపేలు పడితే పెట్ట ఎంత మంచిదైనా మధ్యలో లేచిపోతుంది. నాటు పెట్టకి పది, పన్నెండు గుడ్లు చాలు. ఆశపడి పదిహేను పెడితే అంచున ఉన్నవాటికి వేడి అందదు. రాత్రి దీపం ఆర్పాక పెట్ట కింద ఒక్కొక్కటీ జరపండి. పగలు పెడితే బెదురుతుంది. రోజుకోసారి మేతకి, నీళ్లకి లేస్తుంది. ఇరవై నిమిషాల్లో తిరిగి కూర్చుంటే కంగారు లేదు. ముంగిసకీ పందికొక్కుకీ అందని చోట బుట్ట ఉంచండి. కంబాలకొండ అడవి అంచున ఉన్న కాలనీలవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఏడో రాత్రి గుడ్లు ఇచ్చినవాళ్లని పిలవండి. నాకు ఈ పనంతటిలో బాగా ఇష్టమైన రాత్రి ఇదే. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి మీద గుడ్డు లావు వైపు ఆనించి పట్టుకోండి. బాగున్న గుడ్డు లోపల ఎర్రటి నరాలు సన్నటి దారాల్లా నలువైపులా పాకి ఉంటాయి, మధ్యలో నల్లటి చుక్క ఉంటుంది. ఒక్క క్షణం ఆగితే ఆ చుక్క కదులుతుంది. నరాలు లేకుండా లోపలంతా తేటగా వెలిగితే అది పుంజు కలవని గుడ్డు. ఎర్రటి గీత ఉంగరంలా చుట్టుకుని ఉంటే లోపల పిండం చచ్చిపోయింది. ఈ రెండు రకాలూ తీసేయండి, మురిగి పగిలితే మిగతావీ పాడవుతాయి. తేట గుడ్లు ఎక్కువగా వస్తే అవతలివాళ్ల మీద నింద వేయకండి. పుంజు ముసలిదై ఉండొచ్చు, పది పెట్టలకి ఒక్క పుంజు చాలకపోయి ఉండొచ్చు. ఇద్దరూ కలిసి చూశారు కాబట్టి ఆ మాట అక్కడే తేలిపోతుంది.

పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లు ముట్టుకోవద్దు. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు దిగుతాయి. పెంకుకి చిల్లు పెట్టాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. జాలిపడి పెంకు ఒలిస్తే నెత్తురు పోయి పిల్ల దక్కదు. కడుపులోకి లాక్కున్న పచ్చసొనతో మొదటి రోజు మేత లేకుండానే గడుస్తుంది.

పిల్లల్ని పంచుకునే లెక్క గుడ్లు తెచ్చిన రోజే మాట్లాడుకోండి. మా వైపు సగం సగం. పెట్ట ఇరవై ఒక్క రోజులు కూర్చుంది కాబట్టి బేసి పిల్ల పెట్ట ఇంటికి. పంచినా నెల దాటేవరకూ అన్నీ తల్లి దగ్గరే ఉండాలి.

రోహిణి కార్తెలో మాత్రం పొదగేయకండి. ఆ ఎండకి పెట్టే నీరసపడిపోతుంది.

వచ్చే పాఠం కొక్కెర తెగులు టీకా. పిల్లలకి ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే ఆ టీకా చుక్క వేయాలి. చిన్న సీసా తెచ్చినా పదుల కొద్దీ పిల్లలకి సరిపోతుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. కాబట్టి ఈ వారం పొదగేసేవాళ్లు తేదీ కాగితం మీద రాసి, చుట్టుపక్కల కోళ్లున్న ఇళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి. అందరి పిల్లలూ ఒకే వారంలో దిగితే ఒక్క సీసా అందరికీ సరిపోతుంది.